గ్రూపు గడిలో పెన్సిల్ రాత

పదో తరగతి ఫలితాలు వచ్చాయని టీవీలో చెప్పగానే నేను ఇప్పటికీ లేచి టీవీ కట్టేస్తాను. రిటైరై నాలుగేళ్లు కావస్తోంది. మా ఇంట్లో పరీక్ష రాసిన పిల్లలు లేరు, సీటు కావలసిన చుట్టాలు లేరు. అయినా ఆ పూట అన్నం సయించదు. మా ఆవిడ ఒక గ్లాసు మజ్జిగ నా ముందు పెట్టి, ఊరి పిల్లోళ్ల పరీక్షకి నీకెందుకు బేదులు అని నవ్వి పోతుంది. ఆమెకు సగం తెలుసు. మిగతా సగం ఈ కాగితాల మీద రాస్తున్నాను.

ముప్పై రెండేళ్లు గవర్నమెంటు జూనియర్ కాలేజీల్లో లెక్కలు చెప్పాను. కుప్పంలో మొదలుపెట్టి, పుంగనూరు ప్రాంతంలో చాలాకాలం ఉండి, మదనపల్లెలో ముగించాను. కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు ఎప్పుడైనా కలిస్తే సిలబస్ గురించి అడుగుతారు, బదిలీల గురించి అడుగుతారు. అడ్మిషన్ల టేబుల్ గురించి ఎవరూ అడగరు. అదేదో గుమాస్తా పని అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ముప్పై రెండేళ్లలో నేను చెప్పిన పాఠాలన్నీ ఒక ఎత్తు, ఆ టేబుల్ దగ్గర కూర్చున్న రోజులు ఒక ఎత్తు. పాఠం తప్పు చెబితే మరునాడు దిద్దుకోవచ్చు.

ఆ టేబుల్ మీద జరిగేది

వరండాలో ఒక టేబుల్, రెండు కుర్చీలు, ఒక బెంచీ. తండ్రో తల్లో పిల్లను వెంటబెట్టుకుని వస్తారు. ప్లాస్టిక్ కవర్లో మార్కుల మెమో, టీసీ, కుల ధ్రువపత్రం ఉంటాయి. దరఖాస్తులో పేరు, ఊరు, పుట్టిన తేదీ నింపడానికి పది నిమిషాలు. తర్వాత ఒక చిన్న గడి వస్తుంది, గ్రూపు అని. ఎంపీసీ అంటే లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ. బైపీసీ అంటే లెక్కల బదులు చెట్లూ జంతువులూ. సీఈసీ, హెచ్ఈసీ అంటే పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, వాణిజ్యం, చరిత్ర వగైరా. పిల్ల బతుకు ఏ దారిన పోవాలో ఆ మూడు అక్షరాల్లో ఉంటుంది. ఆ గడి నింపడానికి సగటున అర నిమిషం పడుతుంది.

గ్రూపు ఏమమ్మా అని అడిగితే పిల్ల తండ్రి మొహం చూస్తుంది. తండ్రి మన మొహం చూస్తాడు. "మాకేం తెలుసు సార్, మీరే ఒగటి రాయండి" అంటాడు. ఈ మాట కొత్తగా చేరిన మీరు కూడా వింటారు. ఎంత మర్యాదగా, ఎంత నమ్మకంగా అంటారంటే, పెన్ను మనకు తెలీకుండానే కదులుతుంది. జాగ్రత్తగా ఉండవలసింది అప్పుడే.

కుప్పంలో అరుణాచలం సార్

నా మొదటి ప్రిన్సిపాల్ అరుణాచలం సార్. ఇంట్లో అరవం, కాలేజీలో తెలుగు, కూరగాయల అంగడిలో కన్నడం మాట్లాడే మనిషి. కోపం ముక్కు మీద ఉండేది. లెక్చరర్లం ఆయన గదిలోకి పోవాలంటే ముందు అటెండరును అడిగేవాళ్లం, ఈ పొద్దు గాలి ఎట్లుందప్పా అని. ఆయనను మంచి బాస్ అని ఆ రోజుల్లో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఆయన దగ్గర ఒక పట్టుదల ఉండేది. అడ్మిషన్ల రోజుల్లో టేబుల్ మీద ఒక పెన్ను, ఒక పెన్సిల్ ఉండాలి. దరఖాస్తు అంతా పెన్నుతో నింపాలి. గ్రూపు గడి మాత్రం పెన్సిల్‌తోనే రాయాలి. వారం తర్వాత ఆ పిల్ల మళ్లీ రావాలి, అప్పుడే దాని మీద ఇంకు పెట్టాలి. ఆ వారంలో పిల్ల చేయవలసిన పని ఒకటే. గ్రంథాలయంలోంచి ఆ గ్రూపు మొదటి సంవత్సరం పుస్తకం ఒకటి ఇచ్చి పంపేవారు. ఇంటి దగ్గర తెరిచి చూడాలి. ఎవరూ చెప్పకుండా రెండో పేజీకి పోతే అది దాని గ్రూపు అనేవారు.

నేను చేరిన మొదటి ఏడే ఈ పెన్సిల్ మీద గునిశాను. కుప్పం చుట్టుపక్కల పల్లెల వాళ్లు కూలి పోగొట్టుకుని వస్తారు, ఇంకోసారి తిప్పడం ఎందుకు సార్ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి పెట్టారు.

"పెండ్లి సంబంధానికి గూడా రెండు తూర్లు పొయ్యి సూసొస్తారు గదప్పా. దీనికి యాల అంత తొందర?"

అప్పుడు ఆ మాటను ముసలాయన చాదస్తం కింద కట్టేశాను.

ఆ ఏడే ఒక పిల్లవాడు వచ్చాడు. పట్టుపురుగులు పెంచుకునే ఇంటివాడు. పదిలో లెక్కలకు తొంభై ఎనిమిది. మార్కులు చూడగానే నా నోట్లో నీళ్లూరాయి. ఎంపీసీ అని పెన్సిల్‌తో రాసి, లెక్కల పుస్తకం చేతికిచ్చి పంపాను. వారానికి వాళ్ల నాన్నతో కలిసి వచ్చాడు. పుస్తకం అట్ట మడత కూడా పడలేదు. నేను ఇంకు పెట్టబోతుంటే అరుణాచలం సార్ ఆపి, తండ్రిని టీ తాగి రమ్మని పంపారు. తర్వాత పిల్లవాణ్ని అడిగారు. వాడు, మార్కులు వచ్చినాయి గానీ లెక్కలు రావు సార్, అంతా బట్టీ కొట్టినా అన్నాడు. పరీక్షకు ముందు రోజు జ్వరం వచ్చేదట. పక్కింటివాడి పౌరశాస్త్రం పుస్తకం మాత్రం రెండుసార్లు చదివాడట, ఊరికే.

వాడిని సీఈసీలో చేర్చాం. తండ్రి మా ఇద్దరినీ తిట్టుకుంటూ పోయాడు. ఆ పిల్లవాడు ఇప్పుడు కలెక్టరయ్యాడని రాస్తే మీకు బాగుంటుంది. ఏమయ్యాడో నాకు తెలీదు. రెండేళ్లు భయం లేకుండా క్లాసులో కూర్చున్నాడు, అది మాత్రం కళ్లారా చూశాను. మార్కుల మెమో పిల్ల ఎంత జ్ఞాపకం పెట్టుకుందో చెబుతుంది. దేన్ని చూస్తే దానికి భయమో చెప్పదు.

తొమ్మిది రోజులు

ఇప్పుడు నా తప్పు సంగతి. ఇది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. ఇక్కడికి వచ్చేసరికి రెండు రోజులు పెన్ను పక్కన పెట్టేశాను.

కుప్పం తర్వాత పుంగనూరు ప్రాంతంలోని ఒక కాలేజీకి వచ్చాను. పేరు రాయను. తప్పు నాది, కాలేజీది కాదు. మా ఆవిడ పుంగనూరులో స్కూలు టీచరు. అమ్మాయి అక్కడే నాలుగో తరగతి. ఇల్లు, బడి, కాలేజీ అన్నీ కాలినడక దూరంలో ఉన్నాయి. అంత సుఖం నాకు అంతకు ముందు లేదు.

ఆ ఏడు మా ఎంపీసీ సెక్షన్ పలచబడింది. కాస్త మార్కులు వచ్చిన పిల్లలందరినీ ప్రైవేటు కాలేజీల వాళ్లు ఇళ్లకు పోయి పట్టుకుపోతున్నారు. ఉండవలసిన సంఖ్యకు పిల్లలు తగ్గితే సెక్షన్ ఎత్తేస్తారు. సెక్షన్ పోతే లెక్కల పోస్టు పోతుంది. పోస్టు పోతే నన్ను జిల్లా ఆ చివరికి తోస్తారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, మీ సెక్షన్ మీరే నిలబెట్టుకోవాల, నా చేతిలో ఏమీ లేదు అన్నాడు. అడ్మిషన్ల టేబుల్ నాకే అప్పగించాడు. పాలకు పిల్లిని కాపలా పెట్టినట్టయింది.

ఇంకా నలుగురు తక్కువగా ఉన్నప్పుడు, సోమల వైపు పల్లె నుంచి చిన్నప్ప అనే కూలీ తన కూతురిని తీసుకొచ్చాడు. పిల్ల పేరు నాగవేణి. ఆ పిల్ల తండ్రి మొహం చూడలేదు. నేను గ్రూపు అని అడిగీ అడగకముందే, నాకు బైపీసీ కావాల సార్ అంది. ఎందుకమ్మా అన్నాను. వాళ్ల ఆవు ఈనలేక రెండు దినాలు పడి ఉందట. డాక్టరు వేరే ఊరికి పోయి ఉన్నాడట. ఆయన వచ్చేసరికి ఆవూ పోయింది, కడుపులో దూడా పోయింది. నేను పశువుల డాక్టరు అవుతాను సార్ అని చెప్పింది. పదిహేనేళ్ల పిల్ల అంత తేటగా తన దారి చెప్పడం నేను ఆ టేబుల్ దగ్గర అదే మొదటిసారి వినడం.

మెమో చూశాను. లెక్కలకు తొంభై ఒకటి. నాలుగు మూడవుతుంది అనుకున్నాను. సరిగ్గా ఆ మాటే అనుకున్నాను.

ఏమేం చెప్పానో అన్నీ గుర్తున్నాయి. పశువుల డాక్టరు సీట్లు చాలా తక్కువ అన్నాను. అది నిజమే. ఆడపిల్ల గోచీ బిగించి పశువుల కొట్టాల వెంట తిరుగుతుందా అన్నాను. లెక్కలకు ఇన్ని మార్కులు పెట్టుకుని బైపీసీ అంటే చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యికి వెతికినట్టు అన్నాను. సామెతలు మనకు ఊరికే వస్తాయి కదా. చిన్నప్ప నా వైపు తిరిగి దండం పెట్టి, మీరే ఒగటి రాయండి సార్ అన్నాడు. టేబుల్ మీద పెన్సిల్ ఉంది. అరుణాచలం సార్ నేర్పిన అలవాటు కొద్దీ ప్రతి ఏడూ పెట్టుకుంటాను. నేను పెన్ను తీశాను. ఎంపీసీ అని ఇంకుతో రాశాను.

అంతటితో పోయినా బాగుండేది. పది రోజులకు ఆ పిల్ల స్టాఫ్ రూమ్ బయట నిలబడింది. నేను బయటికి వచ్చేదాకా అరగంట నిలబడే ఉందని తర్వాత అటెండరు చెప్పాడు. గ్రూపు మార్చుకోవచ్చా సార్ అని అడిగింది. మార్చుకోవచ్చు. మార్పులకు ఆఖరు తారీకు ఇంకా తొమ్మిది రోజులు ఉంది. ఆ సర్క్యులర్ నా టేబుల్ సొరుగులోనే ఉంది. లిస్టులు బోర్డుకు పొయ్యినాయమ్మా, ఇంక కుదరదు అన్నాను.

సరే సార్ అని వెళ్లిపోయింది.

రెండేళ్లు నా క్లాసులో రెండో బెంచీలో కూర్చుంది. గోల లేదు, సెలవు లేదు. మొదటి ఏడు బొటాబొటిగా గట్టెక్కింది. రెండో ఏడు లెక్కల్లో తప్పింది. సప్లిమెంటరీలో రాసి పాసైంది. పై చదువుకు పోలేదని విన్నాను. నా సెక్షన్ మాత్రం నిలబడింది. నేను ఇంకో ఆరేళ్లు పుంగనూరులోనే ఉన్నాను, మా అమ్మాయి పదో తరగతి అక్కడే పూర్తి చేసింది. ఆ ఆరేళ్ల సుఖం ఎవరి తొమ్మిది రోజుల్లోంచి వచ్చిందో నాకు తెలుసు. ఇంకెవరికీ తెలీదనుకుంటూ వచ్చాను.

మదనపల్లెలో

చివరి పన్నెండేళ్లు మదనపల్లెలో చేశాను. అక్కడికి వచ్చేసరికి మా టేబుల్‌కు పనే తగ్గింది. తొమ్మిదో తరగతిలో ఉండగానే గ్రూపు తేలిపోయేది. పక్కింటివాళ్ల పిల్ల ఏం తీసుకుంటే మన పిల్ల అది. బస్టాండు నుంచి ఇంటికి పోయే లోపల ర్యాంకులు వచ్చిన పిల్లల మొహాలు ఇరవై బోర్డుల మీద కనిపించేవి. అంతా ఒకే రకంగా నవ్వుతుంటారు. కింద ఉన్న వేలమంది మొహాలు ఏ బోర్డు మీదా ఉండవు.

రెండో భాష దగ్గర ఇంకో తమాషా. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట ఎరగని పిల్లలు మార్కుల కోసం సంస్కృతం తీసుకుంటారు. అది తప్పని నేను క్లాసులో చెప్పేవాణ్ని. మా అమ్మాయికి మాత్రం సంస్కృతమే ఇప్పించాను. చెప్పేదొకటి, చేసేదొకటి. అందుకే మీకు నీతులు చెప్పను, జరిగింది మాత్రం చెబుతాను.

ఇప్పుడు దరఖాస్తుల్లో సగం ఆన్‌లైన్ అయింది. కంప్యూటర్‌కు పెన్సిల్ ఉండదు. కానీ కొత్త పద్ధతి ఒకటి వచ్చింది, లెక్కలూ జీవశాస్త్రమూ రెండూ కలిపి చదువుకోవచ్చని. రెండో భాష బదులు ఇంకో సబ్జెక్టు ఎంచుకోవచ్చని. పేపర్లో చూసిన రోజు, ఇది ఇరవై ఏళ్ల ముందు ఉండి ఉంటే అనుకున్నాను. అనుకుని వెంటనే సిగ్గుపడ్డాను. ఆ పిల్ల అడిగింది రెండు కాదు. ఒకటే అడిగింది, ఆ ఒకటి ఇవ్వడానికి అప్పుడూ దారి ఉంది.

పాలు తీసుకుని వచ్చిన మనిషి

ఈ ఏడు ఫలితాలు వచ్చిన వారానికి, పొద్దున పదింటప్పుడు ఒక ఆమె మా ఇంటి గేటు తీసింది. చేతిలో స్టీలు క్యాను, వెనక ఒక అమ్మాయి. వయసు నలభైకి దగ్గర. గుర్తుపట్టడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

నాగవేణి పెద్దపంజాణి దగ్గర పాలకేంద్రంలో పని చేస్తోంది. ఊళ్ల నుంచి వచ్చే పాలకు వెన్న శాతం పరీక్ష చేసే పని. నెల జీతం. కూలికి పోకుండా తన నాన్నను ఇంట్లో కూర్చోబెట్టానని చెప్పింది. కూతురి పేరు హర్షిత. పదిలో మంచి మార్కులు. లెక్కలకు, సైన్సుకు దాదాపు సమానంగా వచ్చాయి. మా ఆవిడ పాలు లోపల పెట్టి కాఫీ తెచ్చింది.

దేనికొచ్చావమ్మా అని అడగడానికి భయం. ఆమే చెప్పింది.

"పాప ఎంపీసీ అంటాండాది సార్. నా మాట ఇనలా. మీరు లెక్కల సార్ గదా, మీరు వద్దంటే ఇంటాది. బైపీసీ తీసుకోమని మీరే ఒగ మాట చెప్పండి."

నేను ఆ పిల్ల వైపు చూశాను. మొహం ముడుచుకుని ఉంది. ఒళ్లో దరఖాస్తు ఉంది. అన్నీ నింపి ఉన్నాయి, గ్రూపు గడి ఖాళీ.

నాగవేణికి నేను బాకీ పడ్డాను. ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్న బాకీ. తీర్చుకునే దారి తానే వెతుక్కుంటూ నా గేటు తీసింది. ఒక్క మాట చాలు. బైపీసీ తీసుకో తల్లీ అంటే ఆమె పోగొట్టుకున్నది కూతురి చేతికి వస్తుంది, నా మనసు తేలికపడుతుంది. కానీ ఆ మాట అంటే, ఆ రోజు తల్లికి చేసిన పనే ఈ రోజు కూతురికి చేసినట్టు. అప్పుడు నా సెక్షన్ కోసం చేశాను, ఇప్పుడు నా మనశ్శాంతి కోసం చేస్తాను. పిల్లకు తేడా ఏముంది?

అరుణాచలం సార్ అడిగినట్టే అడిగాను. ఎవరూ చెప్పకుండా నువ్వు చదివేది ఏమిటమ్మా అని. ఆ పిల్ల సంచిలోంచి ఒక లాంగ్ నోటుబుక్కు తీసింది. వాళ్లమ్మ దగ్గర కూర్చుని ఏ ఊరి పాలలో ఏ నెల వెన్న ఎంతుందో రాసుకుని గ్రాఫులు గీసింది. ఎండాకాలం ఎందుకు తగ్గుతుంది, ఎంత లెక్కన తగ్గుతుంది, వచ్చే నెల ఎంత ఉండొచ్చు అని తనకు తానే ఒక సూత్రం కట్టుకుంది. సూత్రంలో ఒక తప్పుంది. నాలుగు పేజీల తర్వాత ఆ తప్పు తానే పట్టుకుని కొట్టేసింది.

సంతోషం పట్టలేక ఆ పేజీ మళ్లీ చదివాను. ఆ వెంటనే భయం వేసింది. ఈ సంతోషం ఆ పిల్లదా, నాదా? లెక్కలు చెప్పేవాడికి లెక్కల పిల్ల కనబడితే కలిగే ఆశ కదా ఇది. నాలుగు మూడవుతుంది అనుకున్న మనిషినే కదా నేను. నా కళ్లను నేను నమ్మలేకపోయాను. మధ్యేమార్గంగా, ఇప్పుడు రెండూ కలిపి చదువుకునే వీలుంది, లెక్కలూ ఉంటాయి, జీవశాస్త్రమూ ఉంటుంది అన్నాను. నాగవేణి మొహం విప్పారింది.

హర్షిత నెమ్మదిగా అడిగింది. "రెండూ అంటే మాయమ్మకి ఒగటి, నాకొగటా సార్? సదివేది నేనొక్కదాన్నే గదా."

ఆ కొత్త పద్ధతి మంచిదే. రెండూ కావాలనుకునే పిల్లకు అది వరం. ఇంట్లో ఇద్దరి మధ్య రాజీ కోసమైతే, ఆ రాజీ బరువంతా పిల్ల మోయాలి. ఇది ఆ పిల్ల ఒక్క వాక్యంలో చెప్పింది, నేను పుస్తకాల మూటతో కూర్చుని చెప్పలేకపోయాను.

ఇక నా దగ్గర మిగిలింది ఒకటే. హర్షిత ఎదుటే చెప్పాను. "నాగవేణీ, ఆ పొద్దు లిస్టులు పోలేదమ్మా. మార్చుకోవడానికి ఇంకా తొమ్మిది రోజులుండింది. నా సెక్షన్ నిలబెట్టుకోవడానికి నీకు అబద్ధం చెప్పినాను."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. లేచి వెళ్లిపోతుందనుకున్నాను. కాఫీ గ్లాసు చీరచెంగుతో తుడిచి కింద పెట్టింది.

"తెలుసు సార్. ఆ పొద్దే ఆఫీసులో గుమాస్తా చెప్పినాడు, ఇంగా తొమ్మిది దినాలుండాది, పొయ్యి సార్‌ను అడుగు అని."

"మరి మళ్లీ వచ్చి అడగలేదేమమ్మా?"

"మీరు లేదంటిరి. ఉండాదని మీకు ఎదురుగా నిలబడి చెప్పేదానికి నాకు నోరొస్తాదా సార్? మా నాయన మీకు దండం పెట్టినాడు గదా."

ఇరవై ఏళ్లుగా నాకొక్కడికే తెలుసనుకున్నది నాగవేణికి ఆ రోజే తెలుసు. తెలిసే రెండో బెంచీలో రెండేళ్లు కూర్చుంది. నేను బోర్డు మీద రాసిందంతా నోట్సులో రాసుకుంది. సప్లిమెంటరీకి ముందు సందేహాలు అడగడానికి కూడా వచ్చింది. అవన్నీ ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. క్షమించమ్మా అన్నాను.

నాగవేణి కూతురి వైపు తిరిగింది. ఆ పిల్ల కూడా వాళ్లమ్మనే చూస్తోంది, ఈ సంగతి తనకు అప్పుడే తెలిసింది కాబోలు. నోటుబుక్కు ఇంకా తెరిచే ఉంది. నాగవేణి వంగి, ఆ కొట్టేసిన సూత్రం మీద వేలు పెట్టి, ఇది తప్పని నీకెవురు చెప్పినారు అని అడిగింది. ఎవురూ చెప్పలేదుమా, నాకే తెలిసిపాయ అంది పిల్ల.

అప్పుడు నాగవేణి నన్ను అడిగింది. "ఈ యేడు గ్రూపు మార్చుకునేదానికి ఆకరి దినం యేది సార్?"

నాకు తెలీదు. రిటైరైనవాణ్ని. నోటికి వచ్చింది చెప్పే పాపం ఇంకోసారి చేయదలచుకోలేదు. వాళ్లు చేరబోయే కాలేజీకి ఫోన్ చేశాను. నా దగ్గర చదివిన ఒకతను అక్కడ లెక్చరరు. అడ్మిషన్లు మూసిన తర్వాత కూడా ఫలానా తారీకు దాకా మార్చుకోవచ్చని చెప్పాడు. రెండుసార్లు అడిగి, కాగితం చూసి చెప్పమని మూడోసారి కూడా అడిగాను. ఫోన్ స్పీకరులో పెట్టి వాళ్లిద్దరికీ వినిపించాను.

లోపలికి పోయి పెన్సిల్ తెచ్చాను. పెన్సిల్ ఎందుకో, అరుణాచలం సార్ ఎవరో రెండు ముక్కల్లో చెప్పి, ఆ పిల్ల చేతికి ఇచ్చాను. నేను రాయలేదు. హర్షిత దరఖాస్తు మోకాళ్ల మీద పెట్టుకుని, ఒకసారి వాళ్లమ్మ మొహం చూసింది. వాళ్లమ్మ గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చుంది. పిల్ల గ్రూపు గడిలో ఎంపీసీ అని పెన్సిల్‌తో రాసింది.

నాగవేణి పెన్ను అడిగింది. జేబులోది ఇచ్చాను. కూతురి దగ్గర్నుంచి కాగితం తీసుకుని, గ్రూపు గడి పక్కన, అంచు మీద, ఫోన్‌లో విన్న తారీకు ఇంకుతో పెద్దగా రాసి కింద రెండు గీతలు గీసింది. రాసి, కాగితం నా చేతికిచ్చింది.

"తారీకు సరిగ్గా ఉండాదా సార్, ఒగ తూరి సూడండి."

చూశాను. సరిగ్గానే ఉందమ్మా అన్నాను.